సమస్య: "కదలనట్టి కొట్టు కాగితమయె"

నిర్వాహకుడు: మొన్న గూడూరు స్టేషన్‌లో బండి కోసం కూర్చుంటే తట్టిన పాదం. ఒకేలా వినిపించే ఇంగ్లిషు జంటమాటల తికమకే వస్తువు. ఇదే చివరి పాదంగా పద్యం కానివ్వండి.

కావలి కుర్రోడు:
బోర్డుమీద 'ఏ'ను పూడ్చి 'ఈ' వ్రాయగా
నొక్క యక్షరంతో నొప్పె పేరు
నిన్నదాక కొట్టు నిలిచియే యుండెగా
కదలనట్టి కొట్టు కాగితమయె

మా వీధిలో నిజంగా జరిగిందే. పెయింటరు నిచ్చెన దిగేదాకా కింద నిలబడి చూశాను. నీలం 'ఏ' కనపడకుండా పోవడానికి తెల్లరంగు రెండు పూతలు పట్టింది.

కందుకూరు పంతులు: అబ్బయా, మలుపు అదిరింది. ఇంగ్లిషు స్టేషనరీలో 'ఏ' ఉంటే (stationary) కదలనిది, 'ఈ' ఉంటే (stationery) కాగితాలూ కలాలూ. రెంటినీ ఒక్క బోర్డు మీదే చూపించావు. కానీ 'రంతో' రెండు గురువులు, గురువు-లఘువో మూడు లఘువులో ఉండాల్సిన సూర్యగణం ఎట్లా అవుతుంది? 'యక్షరాన' అను, సరిపోతుంది.

పెన్నగట్టు: అక్షరం దగ్గరే ఆగితే ఎట్లా మాస్టారూ? ఆ రెండు మాటలకూ పుట్టిల్లు ఒకటే.

తిరిగి యమ్మువారు దేశాలు పట్టిరి
నిలిచి యమ్మువాడు నెలవు పట్టె
ఆ నెలవున బుట్టె నాంగ్లాన నొకమాట
కదలనట్టి కొట్టు కాగితమయె

మధ్యయుగాల్లో యూరపులో మూట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లే ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట కుదురుగా కొట్టు పెట్టుకున్న పుస్తకాలవాణ్ణి లాటిన్‌లో 'స్టేషనారియస్' అన్నారు. లండన్‌లో వాళ్లకు 1403లోనే సంఘం ఏర్పడింది, 1557లో రాచ సన్నదు వచ్చింది. వాడి పేరే వాడమ్మే సరుకుకూ అంటుకుంది. నిర్వాహకుడు కూర్చున్న స్టేషన్ కూడా ఆ ఇంటి పిల్లే.

కందుకూరు పంతులు: 'నెలవు' దగ్గర ఆగిపోయాను. నిలబడే చోటుకు అంతకంటే చక్కని తెలుగుమాట దొరకదు. అయితే 'పట్టె' తర్వాత 'ఆ' విసంధి, అంటే సంధి కలపకుండా వదిలేయడం; 'నా నెలవున' అనాలి. పోయిన నెల 'ఎడారి' సమస్యలో నాకు యతి తప్పిందని మూడు రోజులు వదల్లేదు మీరు!

పెన్నగట్టు: యతి సంగతి అటుంచండి. ఆ పద్యంలో మీరు తినే డిజర్ట్ ఎడారి డెజర్ట్‌లోంచి పుట్టిందన్నారే, అదీ నా బాధ. ఎడారి డెజర్ట్‌కు లాటిన్ మూలంలో అర్థం 'విడిచిపెట్టినది'. తీపి డిజర్ట్ ఫ్రెంచి మాట, భోజనమయ్యాక బల్ల మీద గిన్నెలు తీసేయడం దాని అర్థం. మన విస్తట్లో తీపి ముందే పడుతుంది కాబట్టి ఆ లెక్క మనకు తట్టదు. విసంధి మాత్రం ఒప్పుకుంటున్నా, దిద్దాను.

కావలి కుర్రోడు: నేనూ దిద్దాను మాస్టారూ. "నొక్క యక్షరాన నొప్పె పేరు." ఇప్పుడు నోటికి ఎక్కడా తగలడం లేదు.