తెల్ల అంచు నందివర్ధనంలో పచ్చ కొమ్మలు వస్తున్నాయి, కోసేయాలా?

నమస్కారమండీ. మేముండేది బెంగళూరు, మారతహళ్లి. చికాగోలో మా అక్కావాళ్ల ఇంటి ముందు తెల్ల అంచు ఆకుల డాగ్‌వుడ్ పొద చూసి మనసు పారేసుకున్నాను. చలికాలంలో ఆకులు రాలితే ఎర్రటి కొమ్మలు మంచులో మెరుస్తుంటాయి! కానీ అది సైబీరియా చలికి అలవాటుపడ్డ జాతి. రాత్రిళ్లు 15 డిగ్రీల దగ్గర ఆగిపోయే మన డిసెంబరు దానికి ఏ మూలకీ చాలదు.

అందుకని లాల్‌బాగ్ దగ్గర తెల్ల అంచు నందివర్ధనం కొన్నాను. తూర్పు బాల్కనీలో, పెద్ద కుండీలో గుబురుగా పెరిగింది. ఇప్పుడు మొదట్లోంచి పూర్తి పచ్చాకుల కొమ్మలు లేచి మిగతావాటిని మించిపోతున్నాయి. పచ్చాకుకు బలమెక్కువ, వదిలేస్తే మొక్కంతా మామూలు నందివర్ధనమైపోతుందని భయం. చిక్కేమిటంటే పూలన్నీ వాటికే! మా అత్తయ్యగారు పూజకని వాటి మీద చెయ్యి వేయనివ్వడం లేదు.

మొదలంటా కోయాలా, చివర్లు తుంచితే చాలా? కోసినచోట పాలు కారితే ఏమైనా పూయాలా? పైగా మాది బోరునీళ్లు. లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కుతున్నాయి. ఇనుము తక్కువైందంటారా? పెంచినవాళ్లు కాస్త చెప్పండి. ఆ కోసిన కొమ్మలు వేరే కుండీలో బతికితే అత్తయ్యగారిని ఒప్పిస్తాను.