అప్‌డేట్: కాకినాడలో ఎక్కడ తిన్నామంటే

అమ్మానాన్నలతో కాకినాడ వెళ్తున్నాం, ఆర్భాటం లేని మంచి తిండి ఎక్కడ దొరుకుతుందని మొన్న అడిగాను కదా. అమ్మ శాకాహారి, మిగతావాళ్ళం చేపల కోసమే బయల్దేరాం. వెళ్ళొచ్చాం. చెప్పినవాళ్ళందరికీ పేరుపేరునా థాంక్స్.

సుబ్బయ్య గారి హోటల్ భోజనం గురించి మీరు చెప్పిందంతా నిజం. అరిటాకు ఖాళీ అవనివ్వరు, మారు వద్దన్నా వడ్డిస్తారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అమ్మ మళ్ళీ అడిగి వేయించుకుంది. బయట తినడమంటేనే మొహం చిట్లించే మనిషి, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నా.

చేపలకి ఉప్పాడ వైపు ఒక చిన్న మెస్‌కి వెళ్ళాం. మెనూ చూడకుండా "ఇవాళ ఏం వచ్చింది?" అని అడగమన్న సలహా బాగా పనిచేసింది. చందువ వచ్చిందన్నారు. పసుపు, ఉప్పు, కారం పట్టించి పెనం మీద వేయించారు, అంతే. అంచులు కరకర, లోపల వెన్న. పక్కన రొయ్యల ఇగురు. ఒక్క మాట: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. తాజా సముద్రపు చేప కావాలంటే ఆ రోజులు తప్పించి వెళ్ళండి.

టిఫిన్‌కి అల్లం పచ్చడితో పెసరట్టు ఉప్మా, బండి మీదే బాగుంది. గొట్టం కాజా మాత్రం కోటయ్య కొట్టు దగ్గరే నిలబడి తినండి. పార్సిల్ అయితే పాకం గట్టిపడుతుంది.