ముందు పన్ను మూల విరిగింది, రేపటిదాకా ఆగొచ్చా?

ప్రశ్న: సకినం కొరుకుతుంటే పై ముందు పన్ను మూల విరిగింది. నొప్పి లేదు గానీ చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. ముక్క దొరికింది. ఇవాళ ఆదివారం. ఉండేది మలక్‌పేటలో.

జవాబు 1: అద్దంలో విరిగిన చోటు చూడండి. అంతా తెల్లగానే ఉంటే పోయింది ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) ఒక్కటే, తొందరేం లేదు. లోపల పసుపుగా కనిపిస్తూ జివ్వుమంటే దాని కిందుండే పొర, డెంటిన్ బయటపడినట్టు, ఒకట్రెండు రోజుల్లో మూయించాలి. మధ్యలో ఎర్రచుక్క గానీ రక్తం గానీ ఉంటే నరం తెరుచుకున్నట్టే, ఆదివారమైనా ఆగొద్దు. మీది రెండోదిలా ఉంది.

జవాబు 2: ముక్కను పాలలో గానీ సెలైన్‌లో గానీ వేసి తీసుకెళ్లండి. ఎండితే తెల్లబారుతుంది, అతుకూ సరిగ్గా పట్టదు. ఫెవిక్విక్ జోలికి పోకండి. లవంగ నూనె కూడా వద్దండీ, అందులోని యూజినాల్ అనే రసాయనం కాంపోజిట్‌ను, అంటే డాక్టరు పన్నుకు పెట్టే పంటిరంగు ఫిల్లింగ్‌ను, సరిగ్గా గట్టిపడనివ్వదు.

జవాబు 3: సకినానికే విరిగిందంటే లోపల పాత పుచ్చో, పగులో ఉందేమో, ఎక్స్‌రే తీయించండి. మీకు అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత ఆసుపత్రి దగ్గరే, పొద్దున్నే వెళ్లండి. తర్వాత పన్ను బూడిదరంగుకు తిరిగినా, చిగురు మీద చీముపొక్కు లేచినా నొప్పి లేదని ఊరుకోవద్దు, నరం చచ్చిపోయి ఉండొచ్చు.