ఎండను తట్టుకునే బార్బెర్రీని బెంగళూరులో ప్రహరీ బయట కంచెగా పెంచవచ్చా?

తూర్పువాకిలి:
తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా విధిస్తామని 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ప్రకటించినప్పటి నుండి, మా ప్రహరీ పొడవునా ఉన్న పూలమొక్కల మీద నాకు ఆశ పోయింది. టెక్సాస్‌లో ఉంటున్న మా అక్కయ్య పెరట్లో అగరీటా అనే బార్బెర్రీ పొద ఉంది. మారేడు దళంలా మూడేసి ఆకులు, ప్రతి ఆకు అంచున గట్టి ముళ్లు, బూడిద కలిసిన పచ్చరంగు. ఏడాది పొడవునా ఆకు రాల్చదు. చలికాలం చివర పసుపు పూలు పూసి, ఆ తరువాత ఎర్రని పుల్లటి పండ్లు కాస్తుంది. అక్కడివారు వాటితో జెల్లీ చేసుకుంటారు. వేళ్లు నిలదొక్కుకున్నాక నీటి కోసం మన ముఖం చూడని ఇటువంటి పొదను ప్రహరీ బయట కంచెగా పెంచడానికి అభ్యంతరం ఏముంటుందో అనుభవజ్ఞులు చెప్పగోరుతున్నాను.

ఎర్రమట్టి:
తూర్పువాకిలి గారూ, కరవును ఓర్చుకునే మొక్క వానను కూడా ఓర్చుకుంటుందని అనుకోకండి. అగరీటా పుట్టిల్లు టెక్సాస్, ఉత్తర మెక్సికోల రాతినేలలు. అక్కడ పడిన చినుకు రాళ్ల సందుల్లోకి జారిపోతుంది. మన ఊళ్లో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం మే నుండి అక్టోబరు లోపలే, మన లేఅవుట్‌లోని ఎర్రమట్టి బంకగా మారి రోజుల తరబడి తడి వదలని కాలంలోనే కురుస్తుంది. ఈ మొక్కకు ఇక్కడ ముప్పు ఎండ వల్ల కాదు, వేరుకుళ్లు వల్ల. ఆకు రాల్చని ముళ్లకంచే కావాలంటే మన వాకచెట్టు ఉండనే ఉంది. కాయలు పప్పులోకీ పనికివస్తాయి.

కొండగాలి:
నీలగిరుల్లో మన దేశపు బార్బెర్రీయే, బెర్బెరిస్ టింక్టోరియా, తనంతట తాను పెరుగుతున్నప్పుడు విదేశీ మొక్క ఎందుకండీ?

తూర్పువాకిలి:
కొండగాలి గారూ, ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు 920 మీటర్ల దగ్గరే ఆగింది. కొండచలికి అలవాటుపడిన మొక్క మన ఏప్రిల్‌ను ఇష్టపడుతుందని నేను అనుకోను. ఎర్రమట్టి గారు వాన గురించే చెబుతున్నారు, నేను అడిగింది వేసవి గురించి. నేల కంటే అడుగున్నర ఎత్తుగా మడి కట్టి, మట్టిలో గులకరాళ్లు దండిగా కలిపితే నీరు నిలవదు కదా?

ఎర్రమట్టి:
మడి ఎత్తుగా కడితే నీరు దిగుతుంది, ఒప్పుకుంటాను. కానీ మొక్క ఎక్కడి నుండి వస్తుంది? విదేశీ విత్తనాన్ని నాటడానికి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అక్కయ్యగారి సూట్‌కేసులో వేసుకుని రావడం కుదరదు. వచ్చినా, ఆ గింజ కొన్ని వారాలు తడిగా, చల్లగా ఉంటేనే బాగా మొలుస్తుంది. ఎదిగిన మొక్కను తవ్వి వేరేచోట నాటితే బతకడం కష్టం. ఇక నర్సరీల సంగతి నాకు తెలుసు. ఒకచోట బార్బెర్రీ అని చెప్పి నాకు పచ్చని డురాంటా అంటగట్టారు. కొమ్మ మీద బెరడు గీకి చూస్తే లోపల తెల్లగా ఉంది. బార్బెర్రీ అయితే బెర్బెరిన్ అనే పసుపు పదార్థం వల్ల చెక్క పసుపుపచ్చగా మెరవాలి.

గోధుమకంకి:
గోధుమకు తుప్పు తెగులు అంటిస్తుందనే కదా అమెరికాలో 1918 నుండి బార్బెర్రీని పీకించారు? ఆలోచించుకోండి.

తూర్పువాకిలి:
అక్కడ ప్రధానంగా పీకించింది ఆకు రాల్చే సాధారణ బార్బెర్రీని. మన దేశంలో తుప్పు తెగులు ఏటా మళ్లీ రావడానికి బార్బెర్రీ ముఖ్య కారణం కాదని మన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త కె. సి. మెహతా పరిశోధనలు ఏనాడో చూపాయి. ఎర్రమట్టి గారూ, మీకు నర్సరీలో జరిగిన మోసానికి నా మొక్క ఏం చేసింది? వాన అన్నారు, మడి కడతానంటే విత్తనం అన్నారు. మా సంపంగిని కాలువకు అడ్డమని కొట్టించిన రోజున కూడా ఇలాగే కారణం మీద కారణం చెప్పారు. అసలు మీ అభ్యంతరం ఏమిటో సూటిగా చెప్పండి.

ఎర్రమట్టి:
సూటిగానే చెబుతాను. మీరు ప్రహరీ బయట అన్నారు. అది మీ స్థలం కాదు, అందరూ నడిచే దారి అంచు. పక్క వీధిలో ఒకరు ఇలాగే గోడ బయట కాగితంపూల చెట్టు పెంచితే, చూపు మందగించిన మా అమ్మగారు దాన్ని తప్పించుకోవడానికి రోడ్డు మీదికి దిగవలసి వచ్చింది. ఒకనాటి సాయంత్రం కొమ్మకు చీర చిక్కుకుని పడిపోయారు, మోచేయి విరిగింది. గోడ లోపల మీరు ఏ ముళ్లపొద పెంచినా నేను నోరెత్తను.

తూర్పువాకిలి:
మీ అమ్మగారికి అలా జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. అయితే ఆ అంచున ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు? రాత్రికి రాత్రి చెత్తసంచులు పడేస్తారు, మగవాళ్లు గోడ తడుపుతారు. తెల్లవారగానే మా నాన్నగారు బకెట్టు నీళ్లు, చీపురు పట్టుకుని బయటికి వెళతారు. డెబ్బై దాటిన మనిషి ఆ పని చేస్తుంటే చూడలేకనే ముళ్లకంచె అన్నాను. గోడ లోపల మొక్క పెడితే ఆ పని ఆగుతుందా?

కొండగాలి:
ఆ పొద ఎత్తు ఎంత పెరుగుతుందో పక్కలకూ ఇంచుమించు అంతే పరుచుకుంటుంది, ఒకటి నుండి రెండు మీటర్ల దాకా. గోడకూ ఫుట్‌పాత్ రాళ్లకూ మధ్య మట్టి వెడల్పు ఎంత?

తూర్పువాకిలి:
రెండు అడుగులు.

ఎర్రమట్టి:
అయితే ఎంత కత్తిరించినా ముళ్లు రాళ్ల మీదికే వస్తాయి. దానికి నేను సమ్మతించను.

తూర్పువాకిలి:
మంచిది, బయట నాటను. మరి ఆ చెత్త ఆగే దారి ఏదో ఈ ఆదివారం లేఅవుట్ సమావేశంలో మీరే ప్రతిపాదించండి. ఆ దారి దొరికేదాకా నేనూ ఈ మాట వదలను.