కుండలిని యోగం వేరే దారా, హఠయోగంలోదేనా?

దెగ్లూరోడు:
అందరికీ నమస్తే. మాది నాందేడ్ జిల్లా దెగ్లూరు. ఇక్కడ సప్తాహం పెడితే గీతకు జ్ఞానేశ్వరుడు మరాఠీల రాసిన జ్ఞానేశ్వరి పారాయణం ఉంటది, ఆరో అధ్యాయం వచ్చిందంటే అంతా కుండలిని ముచ్చటే, వెన్ను అడుగున పాములెక్క చుట్టుకొని పడుకున్న శక్తి అంటరు. ఇంట్లో శుక్రవారం చదివే లలితా సహస్రనామంల కూడా ‘కుండలినీ బిసతంతు తనీయసీ’ అని వస్తది. పొద్దుగాల యోగా క్లాసుల ఆసనాలు, అనులోమ విలోమం, భస్త్రిక (కొలిమితిత్తి లెక్క వేగంగ ఊపిరి) చేయించే సార్ మాత్రం ‘మనది హఠయోగం, కుండలిని వేరే లైను, రెండూ కలపొద్దు’ అంటడు. ఫోన్ల చూస్తే తెల్లబట్టలు, తలపాగాలు, ‘సత్ నామ్’. అది ఇంకో కుండలిని యోగా.

ఇవన్నీ ఒకటేనా, వేర్వేరా? పతంజలి అష్టాంగ యోగంల దీని జాగ ఎక్కడ? చేస్తున్న ప్రాణాయామానికి మూలబంధం, ఉడ్డియానం అనే బిగింపులు (బంధాలు) కలిపితే తప్పయితదా? అనుభవాల కథలు వద్దు. పుస్తకం ఏం చెప్పింది, చేసేటోళ్లు ఏం చేస్తరు, అది చెప్పుండ్రి.

తాళపత్రం:
మీ సార్ కలపొద్దు అంటున్నారు గానీ, భస్త్రిక చేయిస్తున్నారంటే ఆయన అప్పుడే కలిపేశారు. హఠయోగ ప్రదీపిక రెండో అధ్యాయంలో స్వాత్మారాముడు భస్త్రికను ‘కుండలీబోధకం క్షిప్రం’ అన్నాడు, అంటే కుండలినిని త్వరగా లేపేది. మూడు గ్రంథులనూ, అంటే శక్తి దారిలోని ముడులనూ, ఛేదిస్తుంది కాబట్టి ఎనిమిది కుంభకాల్లో (ఊపిరి బిగబట్టే పద్ధతుల్లో) దీన్ని ప్రత్యేకించి చేయాలనీ చెప్పాడు. మూడో అధ్యాయం మొదటి శ్లోకం ఇంకా సూటిగా ఉంటుంది: కొండలతో అడవులతో ఉన్న ఈ భూమికి సర్పరాజు ఎట్లా ఆధారమో, యోగతంత్రాలన్నిటికీ కుండలిని అట్లా ఆధారం. 15వ శతాబ్దపు హఠయోగికి కుండలిని పక్కింటి సంగతి కాదు, సొంతింటి పునాది.

పాత పుస్తకాలు యోగాన్ని నాలుగుగా విడదీశాయి: మంత్ర, లయ, హఠ, రాజ. శివసంహిత వీటిని సాధకుడి సత్తాను బట్టి పంచింది. మందకొడివాడికి మంత్రం, మధ్యముడికి లయ, గట్టివాడికి హఠం, అందరికన్నా గట్టివాడికి ఏదైనా సరే. ఈ లెక్కలో కుండలిని యోగం అనే ఐదో గడి లేదు. మంత్రం వాళ్లూ లయ వాళ్లూ హఠం వాళ్లూ లోపల జరిగేది చెప్పాల్సి వచ్చినప్పుడు వాడుకున్న మాట అది.

పతంజలి దగ్గరికొస్తే, యోగసూత్రాల్లో కుండలిని అన్న మాటే లేదు. విభూతిపాదంలో నాభిచక్రం, కూర్మనాడి, మూర్ధజ్యోతి కనిపిస్తాయి. అయితే అవి సంయమానికి, అంటే మనసును ఒకచోట నిలపడానికి, చెప్పిన తావులు మాత్రమే. కింద నుంచి ఏదీ లేవదు, పైకి ఏదీ పాకదు. మరి అందరూ పతంజలికీ కుండలినికీ ముడి ఎందుకు వేస్తారంటే, ఒక కారణం 1896లో వచ్చిన వివేకానందుడి ‘రాజయోగం’. అందులో ముందు భాగంలో సుషుమ్న అనే నడిమి నాడి, కుండలిని, వెనక భాగంలో పతంజలి సూత్రాలు. ఒకే అట్ట కింద రెండూ ఉండేసరికి ఒకటే అనుకున్నారు. ఇంకో తిరకాసు ఉంది. ప్రదీపికలో ‘రాజయోగం’ అంటే పతంజలి పద్ధతి అని కాదు. నాలుగో అధ్యాయంలో సమాధి, ఉన్మని, లయం, రాజయోగం అన్నిటినీ పర్యాయపదాలుగా ఇచ్చాడు. అక్కడ రాజయోగం చేరే ఊరు, హఠం ఎక్కే మెట్లు.

అసలు తేడా ఎక్కడ పట్టుకుంటారన్న దాంట్లోనే ఉంది. ‘చలే వాతే చలం చిత్తం’ (గాలి కదిలితే మనసూ కదులుతుంది) అని హఠం గాలిని పట్టుకుంటుంది, మనసు దానంతట అది ఆగుతుందని. పతంజలి నేరుగా మనసును పట్టుకుంటాడు, ప్రాణాయామం ఆయనకు ఎనిమిదింట్లో నాలుగోది.

‘సత్ నామ్’ వాళ్లది హర్‌భజన్ సింగ్, అంటే యోగి భజన్, అమెరికాలో 1969లో పెట్టిన సంస్థతో వ్యాపించిన పద్ధతి. సిక్కు మంత్రాలు, వేగశ్వాస, నిమిషాలు లెక్కపెట్టి చేసే క్రియలు. బాగుందా లేదా అన్నది వేరే చర్చ. పేరు ఒకటైనంత మాత్రాన ప్రదీపిక చెప్పిన వరుస అదే అనుకోకండి.

మావుళి దాసి, ధర్మాబాద్:
జ్ఞానేశ్వరి సంగతి నేను చెప్తాను తమ్ముడూ. గీత ఆరో అధ్యాయంలో ఉన్నది కొంచెమే: శుభ్రమైన చోట ఆసనం వేసుకో, నడుము మెడ తల నిటారుగా ఉంచు, చూపు ముక్కు కొన మీద పెట్టు. కుండలిని ఊసు లేదు. 1290లో మావుళి, అంటే జ్ఞానేశ్వరుడు, ఆ నాలుగు శ్లోకాల దగ్గర ఆగి మడమతో మూలబంధం, గడ్డం కిందికి జాలంధరం, పొట్ట లోపలికి ఉడ్డియానం, అన్నీ వివరంగా చెప్పాడు. ఆ తర్వాత వస్తుంది ఆ పోలిక: నాగుపాము పిల్ల కుంకుమలో స్నానం చేసి చుట్ట చుట్టుకొని పడుకున్నట్టు. ఇది ఎక్కడిదో కూడా ఆయన దాచలేదు, నాథ యోగుల సంకేతం అన్నాడు. నివృత్తినాథుడు ఆయనకు అన్న, గురువు కూడా. నివృత్తికి గహినీనాథుడు, ఆయనకు గోరక్షుడు. కీర్తనలో వినేది గీతకు వేసిన నాథ హఠయోగం అన్నమాట.

చాలామంది కీర్తనకారులు వేగంగా దాటేసే ఓవీ (మరాఠీ పద్యం) ఇంకొకటి ఉంది. శక్తి హృదయం దాటాక కుండలిని అన్న పేరు పోయి మారుతం అన్న పేరు వస్తుంది, శివుడిలో కలిసేదాకా శక్తితనం మాత్రం ఉంటుంది అంటాడు. పాము అన్నది మొదటి మజిలీలో వాడిన బొమ్మ, ఆ తర్వాత అది గాలే. పామును పట్టుకొని వేలాడేవాళ్లు ఈ ఓవీ ఒక్కసారి చదవాలి.

ఇదే మావుళి పన్నెండో అధ్యాయంలో ఆ దారి కష్టాలు ఏకరువు పెట్టి, భక్తులకు ఆ బాధ లేదంటాడు. తాళాలు, మృదంగాలు పట్టుకొని పంఢరపురానికి నడిచేవాళ్లు మూలబంధం వేయరు.

చంద్రపూర్ ఎండ:
మూడో ప్రశ్నకు జవాబు. బంధాలు కలపడం తప్పు కాదు, వరుస తప్పడం తప్పు.

ముందు నాడీశోధనం, అంటే ముక్కు రంధ్రాలు మార్చి మార్చి పీల్చి వదలడం. ప్రదీపిక మూడు నెలల లెక్క చెబుతుంది. ఇంకో హఠయోగ గ్రంథం ఘేరండ సంహితలోని 16-64-32 మాత్రలు (పీల్చడం, బిగబట్టడం, వదలడం) చూసి మొదలుపెట్టకండి, అది చివరి మెట్టు. నాలుగు అంకెలు పీల్చి నాలుగు వదలడం, కుదిరాక నాలుగుకు ఎనిమిది, పది ఆవృత్తులు ఆయాసం లేకుండా జరిగితే 4-4-8. పరీక్ష ఒక్కటే: వదిలాక వచ్చే మరుసటి శ్వాసను గబుక్కున మింగినట్టు లాగారా? లాగితే బిగింపు ఎక్కువైంది, ఒక అంకె తగ్గించాలి. సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా లొంగదీసినట్టు వాయువును లొంగదీయాలి, లేకపోతే సాధకుణ్ణే చంపుతుంది అని ప్రదీపిక ఊరికే అనలేదు. తప్పుడు ప్రాణాయామానికి ఎక్కిళ్లు, ఉబ్బసం, దగ్గు, తల చెవి కంటి నొప్పులు అని ఫలితాల పట్టీ కూడా ఇచ్చింది.

మూలబంధం. మడమ తగలాల్సింది మలద్వారానికీ జననాంగానికీ మధ్య. చాలామంది మలద్వారం, పిరుదులు, తొడలు కలిపి బిగిస్తారు. అది అశ్వినీ ముద్ర, అది కూడా సగం. పిరుదు మీద చెయ్యి పెట్టి చూడండి, మెత్తగా ఉంటేనే మూలబంధం సరిగ్గా పడినట్టు.

జాలంధరం. గడ్డం కిందికి పడేయడం కాదు. ముందు రొమ్ము ఎముక పైకి లేవాలి, అప్పుడు గడ్డం దించాలి. వీపు గూనిలా వంగితే కంఠం మూసుకోదు, బిగించిన ఒత్తిడి తలకెక్కి చెవులు దిబ్బడేస్తాయి. పూరకం (పీల్చడం) అయిపోగానే ఇది వేయాలి. రేచకానికి (వదలడానికి) ముందు తల నిలబెట్టాలి.

ఉడ్డియానం. ఇది కూర్చుని నేర్చుకునేది కాదు. నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు తొడల మీద ఆనించి, గాలి పూర్తిగా వదిలి, కంఠం మూసి, గాలి పీల్చకుండానే పీలుస్తున్నట్టు పక్కటెముకలు విప్పండి. పొట్ట తనంతట తనే డొప్పలా లోపలికి పోతుంది. పొట్ట కండరాలతో లాగితే గట్టిగా అయి ఆగిపోతుంది. వదిలేటప్పుడు పొట్టను ముందు వదిలి, తర్వాత గాలి తీసుకోవాలి. ముందే కంఠం తెరిస్తే గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి దగ్గు పట్టుకుంటుంది. పరగడుపున, విరేచనం అయ్యాక, ఐదారుసార్లు చాలు. రాత్రి ఆలస్యంగా జొన్నరొట్టెలు దట్టించి ఉంటే ఆ పూట మానేయండి. గర్భిణులు, నెలసరి ఉన్నవాళ్లు, హెర్నియా, అల్సరు, బీపీ, గుండెజబ్బు, గ్లకోమా ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు.

ఈ మూడూ వచ్చాక మీకు కావాల్సింది భస్త్రిక కాదు, మహాముద్ర. ఎడమ మడమ మూలంలో ఆనించి, కుడికాలు చాచి, దాని బొటనవేలు రెండు చేతులతో పట్టుకుని, పీల్చి, జాలంధరం వేసి నిలిచి, మెల్లగా వదలడం. ముందు ఎడమ, తర్వాత కుడి, రెండు వైపులా లెక్క సమానం. మహావేధ జోలికి అప్పుడే పోకండి. పిరుదులను నేలకు తట్టమంటే టైల్సు మీద దబీమని కూలబడి తోకఎముక దెబ్బ తీసుకున్నవాళ్లు ఉంటారు.

కాలం కూడా చూడాలి. ఘేరండ సంహిత వసంతంలో, శరత్తులో మొదలుపెట్టమంది, గ్రీష్మంలో వద్దంది. మే నెలలో మా చంద్రపూర్లో భస్త్రిక, సూర్యభేదనం చేయడం పొయ్యి పక్కన దుప్పటి కప్పుకోవడమే. ఎండాకాలం చల్లబరిచే శీతలి ప్రాణాయామంతో సరిపెట్టుకోండి.

దెగ్లూరోడు:
మస్తు తెలిసింది, అందరికీ దండాలు. ఇంకో రెండు. భస్త్రిక వేగంగ చేస్తే వేళ్లు, పెదాలు జిలజిలమంటయ్, కొందరికి వేళ్లు కొంకర్లు పోతయ్. అది కుండలిని కదిలినట్టేనా? ఇంకోటి, ఇంటిగోడ మీద చక్రాల పటం ఉంది, ఎరుపు నుంచి ఊదా దాకా ఇంద్రధనుస్సు రంగులు. లలితల చెప్పింది దానికి కలుస్తలేదు.

సిరోంచ గోదారి:
జిలజిల కుండలిని కాదు, బొగ్గుపులుసు వాయువు తగ్గడం. అవసరానికి మించి గాలి తోడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది, దాంతో విడిగా తిరిగే కాల్షియం తగ్గి నరాలు ఊరికే రెచ్చిపోతాయి. వేళ్లు, పెదాలు జిలజిలమనేది, చేతివేళ్లు కొంగముక్కులా బిగిసేది అందుకే. మెదడు రక్తనాళాలు కూడా ముడుచుకుంటాయి కాబట్టి తల తేలిపోతుంది, కళ్ల ముందు మెరుపులు వస్తాయి. ఆపేసి మామూలు శ్వాసతో కూర్చుంటే కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. ఎవరికైనా వేళ్లు కొంకర్లు పోతుంటే ‘శక్తి కదులుతోంది, ఇంకా వేగంగా’ అనే గురువు దగ్గర లేచి చెప్పులేసుకోవడమే మేలు. కాళ్లు మొద్దుబారడం కూడా అంతే, పద్మాసనంలో నరం నొక్కుకుపోవడం. అరికాలు బాగా చచ్చుబడితే కాలు మార్చాలి, ఓర్చుకోకూడదు.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. వరుసగా నాలుగైదు రాత్రులు నిద్ర పట్టకపోయినా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం, ఆలోచనలు ఆగకపోవడం, నాకు ఏదో ప్రత్యేకంగా తెలిసిపోయిందన్న నమ్మకం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం. అప్పుడు కుంభకాలు ఆపి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, గురువు దగ్గరికి కాదు. ఇంట్లో ఎవరికైనా బైపోలార్, స్కిజోఫ్రెనియా ఉంటే, రోజంతా కూర్చోబెట్టే తీవ్ర శిబిరాలకు పోకపోవడమే మంచిది. మూర్ఛ ఉన్నవాళ్లు వేగశ్వాస చేయకూడదు.

తాళపత్రం:
ఇంద్రధనుస్సు రంగులు కొత్తవి, పాత పుస్తకంలో లేవు. మనం ఇప్పుడు అందరమూ చెప్పుకునే ఆరు చక్రాలు, పైన సహస్రారం అన్న లెక్క ఎక్కువగా పూర్ణానందుడు 1577లో రాసిన షట్చక్రనిరూపణం నుంచి వచ్చింది. దాన్ని జాన్ వుడ్రాఫ్ 1919లో ఇంగ్లీషులో వేశాడు, అక్కడి నుంచి లోకమంతా పాకింది. అందులో మణిపూరం పసుపు కాదు, నీళ్లు నిండిన మబ్బు నలుపు. ఆరు చక్రాలనే తామరలకు వరుసగా నాలుగు, ఆరు, పది, పన్నెండు, పదహారు, రెండు, మొత్తం యాభై రేకులు, యాభై అక్షరాలు. ఇది ఒక్కటే లెక్క కూడా కాదు, నాథుల సిద్ధసిద్ధాంతపద్ధతిలో తొమ్మిది చక్రాలు.

గ్రంథుల లెక్కా అంతే. లలితలో బ్రహ్మగ్రంథి మూలాధారంతో, విష్ణుగ్రంథి మణిపూరంతో, రుద్రగ్రంథి ఆజ్ఞతో వస్తాయి. ప్రదీపిక సంప్రదాయంలో బ్రహ్మగ్రంథి హృదయం దగ్గర, విష్ణుగ్రంథి కంఠం దగ్గర. సౌందర్యలహరి తొమ్మిదో శ్లోకంలో నీరు మణిపూరంలో, అగ్ని స్వాధిష్ఠానంలో, మామూలుగా చెప్పేదానికి తిరగేసి ఉంది. తప్పొప్పులు వెతకకండి. ఇవి డాక్టరు కోసి చూసిన అవయవాలు కావు, ధ్యానం నిలపడానికి వేసుకున్న పటాలు. ఏ పరంపరలో కూర్చుంటే ఆ పటమే వాడాలి. రెండు పటాలు పక్కపక్కన పెట్టుకుని ధ్యానం చేస్తేనే చిక్కు.

మావుళి దాసి, ధర్మాబాద్:
శుక్రవారం పారాయణం మానకు తమ్ముడూ. దానికి బంధాలు అక్కర్లేదు, భస్త్రికా అక్కర్లేదు.

దెగ్లూరోడు:
సరే అక్కా. భస్త్రిక బంద్ పెట్టి నాడీశోధనం 4-4 తోటి మొదలుపెడతా. బంధాలు ఎప్పటిసంది?

చంద్రపూర్ ఎండ:
ఇప్పటి నుంచి మూడు నెలలు శోధనమే. శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. దసరా నాటికి మూడు నెలలు నిండితే ఉడ్డియానం మొదలుపెట్టండి. మూలబంధానికి కూర్చునేటప్పుడు దుప్పటి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోండి, మోకాళ్లు నేలకు ఆనకపోతే మూలబంధం ఎన్నాళ్లు వేసినా పిరుదుల్లోకే పోతుంది.