ట్రాక్ డే వీడియో: వణుకు, గాలి హోరు తగ్గేదెలా?

ప్రశ్న (చిత్తూరు): ట్రాక్ డేకి (సొంత కారుని రేసు ట్రాక్‌లో నడిపే రోజు) చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి కారు తీసుకెళ్తా ఉన్నా. యాక్షన్ కెమెరా అద్దానికి అంటిస్తే బొమ్మ జెల్లీ మాదిరి వణకతా ఉంది. ఇంజన్ శబ్దం బదులు గాలి హోరే. ఏం మార్చాలన్నా?

జవాబు 1: కెమెరాని పట్టే పొడుగు ఆర్మ్ తీసెయ్ బ్రదర్, వణుకు పుట్టేది అక్కడే. ముందు సీటు హెడ్‌రెస్ట్ కడ్డీలకి క్లాంప్ బిగించు. స్టీరింగూ ట్రాకూ రెండూ పడతాయి. ఊడితే పట్టి ఉంచేందుకు తాడు తప్పనిసరి. కెమెరాలో వణుకు సరిచేసే స్టెబిలైజేషన్ ఆపెయ్. మలుపులో కారు తిరగడాన్ని అది చేతి వణుకనుకుని ఫ్రేముని వెనక్కి లాగుతుంది. 1080 రిజల్యూషన్, సెకనుకి 60 ఫ్రేములు చాలు. మన ఎండల్లో 4కే పెడితే కెమెరా వేడెక్కి మధ్యలో ఆగిపోవచ్చు.

జవాబు 2: మంచి శబ్దం కావాలంటే విడిగా రికార్డర్, కాలర్ మైకు పెట్టాల్సిందే. మైకుకి స్పాంజి, దానిపైన బొచ్చు తొడుగు వేసి వెనక నంబర్ ప్లేటు గూట్లో టేపుతో అంటించు. సైలెన్సర్ వేడి తగలనీకు, స్పాంజి కరిగిపోతుంది. ఆటో గెయిన్ (రికార్డర్ తనంతట తానే లెవెల్ పెంచి తగ్గించడం) ఆపకపోతే గేరు మార్చినప్పుడల్లా శబ్దం ఉబ్బుతుంది, తగ్గుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా రికార్డర్ మీటర్ -12 డీబీ (డెసిబెల్) దాటకుండా లెవెల్ పెట్టు. ఒకసారి పగిలిన శబ్దాన్ని ఎడిటింగ్ పూర్తిగా బాగుచేయలేదు. కెమెరా, రికార్డర్ రెండూ ఆన్ చేశాక హారన్ ఒకసారి కొట్టు, తర్వాత వీడియోతో కలుపుకోవడానికి గుర్తు.

జవాబు 3: కారు తనిఖీలో కెమెరా మౌంట్ చూపించి ఒప్పించుకో. బయట బిగించాలంటే నిర్వాహకుల్ని ముందురోజే అడుగు.