సూపర్ టర్బోలో రెండు కిక్కుల తర్వాత హడోకెన్ ఎందుకు రాదు? జాంగీఫ్ పట్టు విడిపించుకునేది ఎట్లా?

కొర్లగుంట_కీబోర్డ్
అన్నలూ, స్ట్రీట్ ఫైటర్ 2 సూపర్ టర్బో, ఫైట్‌కేడ్‌లో (పాత మిషన్ ఆటలను కంప్యూటర్‌లో ఆన్‌లైన్‌గా ఆడించే ఎమ్యులేటర్), ర్యూతో. మూడు డౌట్లు.
ఒకటి: కూర్చొని ఒక్క లైట్ కిక్ కొట్టి హడోకెన్ (నిప్పు బంతి) వేస్తే వస్తుంది. అదే కిక్కు టకటకా రెండుసార్లు కొట్టి వేస్తే రాదు. కాంబో (ఆగకుండా కలిసే దెబ్బల వరస) మొత్తం తిరుపతి క్షవరం అయిపోతా ఉంది.
రెండు: జాంగీఫ్ దగ్గరికొచ్చి చిన్న కిక్కు తగిలిస్తాడు, దాన్ని బ్లాక్ చేస్తే ఆ వెంటనే ఎత్తి తిప్పి నేలకేస్తాడు. బ్లాక్ వదల్లేదు, అయినా పోతుంది. మందేమైనా ఉందా?
మూడు: కీబోర్డు మీద నడిపించొచ్చా, స్టిక్కు కొనాలా?

కాణిపాకం_కెన్
రెండోదానికి మందు లేదు తమ్ముడూ. అది ఆట కాదు, దొంగాట. చిన్న దెబ్బ బ్లాక్ చేయించి ఆ వెంటనే పట్టడం ఎవడికి చేతకాదు? త్రో, అంటే పట్టు, మొదటి ఫ్రేమ్‌లోనే (తెర మీద ఒక్క బొమ్మ నిలిచే సేపులోనే) పట్టేస్తుంది, మన పంచ్ బయటికి రావడానికి మూడు నాలుగు ఫ్రేములైనా కావాలి. అంటే నొక్కినా పోతాం, నొక్కకపోయినా పోతాం. ఆదివారం గదిలో ఈ టిక్ త్రో బంద్ అని రూలు పెట్టండని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

చిత్తూరు_జాంగీఫ్
వచ్చేశాడప్పా రూలు పెట్టేవాడు. కెన్‌కు నిప్పు బంతి ఉండాది, షోర్యుకెన్ (ఎగిరి కొట్టే పంచ్) ఉండాది. నీ బంతులన్నీ దాటుకోని ఒక్కసారి పక్కకొస్తే, ఆ ఒక్కసారి కూడా పట్టొద్దా మేము? గైల్ మీద జాంగీఫ్ ఎంత కష్టమో తెలిసే మాట్లాడతా ఉండావా?
పట్టు లేకపోతే ఈ ఆట ఏమవుతుందో ఆలోచించు. సాదా దెబ్బ బ్లాక్ చేస్తే లైఫ్ ఒక్క చుక్క కూడా పోదు. హడోకెన్ లాంటి స్పెషల్ బ్లాక్ చేస్తేనే కొంచెం గీరుకుంటుంది. ఒక దెబ్బ ముందున్న గైల్ మూలలో వెనక్కి-కిందికి పట్టుకోని కూర్చుంటే, గడియారం 99 నుంచి సున్నా దాకా దిగేవరకు వాణ్ణి లేపేది ఎవరు? బ్లాక్‌కు విరుగుడుగానే త్రో పెట్టినారు. కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పు, నువ్వు ఎప్పుడూ కెన్‌తో పట్టు వెయ్యలేదని.

లీలామహల్_ర్యూ
బస్టాండు దగ్గర మిషన్లలో గాల్లోంచి కూడా హడోకెన్ వేసేవాళ్లు కదా, అది సూపర్ టర్బోలో ఎట్లా చేసేది? స్టార్ట్ నొక్కితే మనిషే మారిపోయేవాడు.

గాంధీరోడ్_ఫ్రేమ్
అది అసలు కంపెనీ క్యాప్‌కామ్ చేసిన ఆటే కాదు మచ్చా. చాంపియన్ ఎడిషన్ బోర్డును ఎవరో కెలికి అమ్మిన దొంగ వెర్షన్, రెయిన్‌బో అంటారు. గాల్లో బంతులు, మధ్యలో స్టార్ట్ నొక్కి మనిషిని మార్చుకోవడం, అన్నీ ఆ పైరసీ చిప్పుల మహిమ. సూపర్ టర్బోలో గాల్లోంచి బంతి వేసేది అకూమా ఒక్కడే. వాణ్ణి టోర్నమెంట్లలో ఎప్పటినుంచో నిషేధించారు.
ఇక త్రో గొడవ. ఈ ఆటలో నాకు తెలియని ఫ్రేమ్ లేదు కాబట్టి ఒక్కసారే చెప్తా, మళ్లీ అడగొద్దు.
సాదా త్రో, అంటే ముందుకో వెనక్కో తోసి మీడియం లేదా హెవీ పంచో కిక్కో కొట్టేది, సూపర్ టర్బోలో సగం తప్పించుకోవచ్చు. పట్టిన వెంటనే నువ్వు కూడా అదే త్రో కమాండ్ నొక్కితే దెబ్బ సగానికి తగ్గి, కాళ్ల మీద దిగుతావు. 1991లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్ 2లో గానీ, 1993 సూపర్‌లో గానీ ఇది లేదు. 1994 సూపర్ టర్బోతోనే వచ్చింది. పాత వెర్షన్ ఆడి ఇందులోకి వచ్చినవాళ్లు దీన్ని వాడనే వాడరు, ఆమీద దొంగాట అని ఏడుస్తారు.
జాంగీఫ్ తిప్పుడు పట్టు వేరు. అది స్టిక్కు తిప్పి వేసే కమాండ్ త్రో, దానికి ఈ సగం దెబ్బ సౌకర్యం లేదు. పట్టాడంటే పుత్తూరు కట్టు కట్టించుకోవాల్సిందే. కాబట్టి పట్టకముందే ఏదో ఒకటి చెయ్యాలి.

కాణిపాకం_కెన్
ఆ ఏదో ఒకటి ఏందో చెప్పకుండా 'తెలియని ఫ్రేమ్ లేదు' అంట. సామీ, తమరి ఉపన్యాసం అయ్యాక చెప్పండి.

అలిపిరి_గైల్
రివర్సల్ అన్నా. బ్లాక్‌లో బిగుసుకున్న చెయ్యి వదులైన మొదటి ఫ్రేమ్‌లోనే స్పెషల్ బయటికి రావాలి. సెకనుకు సుమారు 60 ఫ్రేములు కాబట్టి నీ చేతిలో ఉండేది 60లో ఒక వంతు. సూపర్ టర్బో ఒక ఫ్రేమ్ ముందు నొక్కినదాన్ని గుర్తుపెట్టుకోని తర్వాత చేసిపెట్టదు. ముందైతే వృథా, వెనకైతే పట్టు పడుతుంది.
కెన్, ర్యూ వాళ్లు ఇట్లా చెయ్యండి. చిన్న కిక్కు మీ బ్లాక్‌కు తగిలిన క్షణంలోనే ముందుకు, కిందికి, కింద-ముందుకు తిప్పెయ్యాలి. అంతవరకు బటన్ జోలికి పోవద్దు. చెయ్యి వదులయ్యే సమయానికి లైట్, మీడియం, హెవీ పంచ్‌లు మూడూ వేళ్లతో వరసగా జార్చాలి, హార్మోనియం మెట్లమీద వేలు జారినట్టు. ఈ ఆటలో బటన్ నొక్కినప్పుడే కాదు, వదిలినప్పుడు కూడా స్పెషల్ వస్తుంది. అంటే మూడు నొక్కుళ్లు, మూడు వదలడాలు, ఒక్క ఫ్రేమ్‌ను వెతకడానికి ఆరు అవకాశాలు.
గైల్‌తో అయితే సగం పని ముందే అయిపోయి ఉంటుంది. వెనక్కి-కిందికి పట్టుకోనే బ్లాక్ చేస్తాం కాబట్టి చార్జి (స్పెషల్‌కు ముందు ఆ దిక్కు పట్టి ఉంచాల్సిన సేపు) నిండుతూనే ఉంటుంది. పైకి కొట్టి కిక్ జార్చితే చాలు.

చిత్తూరు_జాంగీఫ్
బాగా చెప్పినావు. అందుకే నేను ప్రతిసారీ పట్టను. కిక్కు కొట్టి ఒక్క క్షణం ఆగి బ్లాక్‌లో ఉంటా. వాడు షోర్యుకెన్ ఖాళీగా ఎగరేసి దిగేటప్పుడు పడతా. ఇది దొంగాట కాదు, ఇద్దరూ అవతలోడి బుర్ర చదివే ఆట.
పట్టు తిప్పలేక పోతున్నవాళ్లకు కూడా ఒక మాట. పూర్తి గుండ్రంగా తిప్పాలని స్టిక్కు విరగ్గొట్టకండి. ఒక పక్క, కింద, అవతలి పక్క, పైన, ఈ నాలుగు దిక్కులు వరసగా తగిలితే చాలు. పైకి నొక్కితే జాంగీఫ్ ఎగిరిపోతాడు కదా అని అందరి బాధ. అందుకే చిన్న కిక్కు కొట్టి, ఆ కిక్కు ఆడుతున్నప్పుడే తిప్పడం మొదలుపెట్టాలి. కాలు చాచినవాడు ఎగరలేడు. పైకి చేరే సమయానికి కిక్కు ముగుస్తుంది, అక్కడ పంచ్ పడాలి. పట్టు అందకపోతే గాలిని పట్టుకున్న బొమ్మ ఏమీ రాదు, మామూలు పంచ్ వస్తుంది. ఆ పంచ్ చూస్తే తెలిసిపోతుంది, దూరంలో తప్పా, టైమింగ్‌లో తప్పా అని. తిరుగుడు సరిగ్గా లేకపోయినా అదే పంచ్ వస్తుంది అనుకో, అదొక చిక్కు.

బైరాగిపట్టెడ_బ్లాంకా
బైసన్ మీద కూడా ఈ రివర్సల్ పనిచేస్తుందా? కత్తెర కాళ్లతో మూలకు తోసి చంపుతాడు.

పుత్తూరు_పంచ్
బైసన్‌కు కత్తెర కాళ్లు ఎక్కడివి? వాడు బాక్సర్ కదా, చేతులే.

గాంధీరోడ్_ఫ్రేమ్
ఇద్దరూ కరెక్టే. ఫైట్‌కేడ్‌లో మీరు ఆడేది జపాన్ వెర్షన్. అక్కడ బాక్సర్ పేరు బైసన్, గోళ్లవాడు బాల్‌రాగ్, టోపీవాడు వేగా. మైక్ టైసన్‌తో కోర్టు గొడవ వస్తుందేమోనని బయటి దేశాలకు పంపేటప్పుడు మూడు పేర్లూ గుండ్రంగా మార్చేశారు, అక్కడ కత్తెర కాళ్ల టోపీవాడే బైసన్. అందుకే తెలిసినవాళ్లు బాక్సర్, గోళ్లు, డిక్టేటర్ అంటారు. పేర్లు పెట్టి అడిగితే జవాబు తప్పే వస్తుంది.

పుత్తూరు_పంచ్
అయితే మీరు కూడా డిక్టేటర్ అనే రాయండి మరి, 'టోపీవాడు' ఏంది?

పలమనేరు_ప్యాడ్
మొదటి ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, అసలైనది అదే.
ర్యూ కూర్చొని కొట్టే లైట్ కిక్‌కు ఒక గుణం ఉంది. అది పూర్తిగా వెనక్కి రాకముందే ఇంకో లైట్ నొక్కితే మొదటిదాన్ని మధ్యలో తెంపి రెండోది మొదలవుతుంది. టకటకా రావడం దానివల్లే. కానీ అట్లా తెంపి పుట్టిన రెండో కిక్‌ను మళ్లీ స్పెషల్‌తో తెంపడానికి ఈ ఆట ఒప్పుకోదు. అందుకే ఒక్క కిక్ తర్వాత హడోకెన్ వస్తుంది, టకటకా కొట్టిన రెండో దాని తర్వాత రాదు. నీ చేతి తప్పు కాదు.
మార్గాలు మూడు. మొదటిది, మొదటి కిక్ పూర్తిగా వెనక్కి వచ్చాక రెండోది కొట్టడం, అంటే తెంపకుండా కలపడం. దానికి టైమింగ్ చాలా ఇరుకు. రెండోది, లైట్లు వదిలేసి కూర్చొని మీడియం కిక్, దాని నుంచి హడోకెన్. దూరం కూడా ఎక్కువ అందుతుంది, రోజూ ఆడేవాళ్లు వాడేది ఇదే. మూడోది కాస్త మాయ: రెండో లైట్ తగిలాక, హడోకెన్ తిప్పుతూ మూడో లైట్ నొక్కి, ఆ కిక్ ఇంకా మొదలవుతూ ఉండగానే పంచ్ నొక్కాలి. ఏ దెబ్బయినా మొదటి ఫ్రేముల్లో, తగలకముందే, స్పెషల్‌గా మారిపోగలదు. మూడో కిక్ కంటికి కనిపించదు, బంతి బయటికొస్తుంది. నొక్కుళ్ల మధ్య వ్యవధి ఎక్కువైతే మూడో కిక్కే పూర్తిగా వస్తుంది.

కాణిపాకం_కెన్
ఇది బగ్గు కదా? బగ్గు వాడటం కూడా దొంగాటే అంటా నేను.

పలమనేరు_ప్యాడ్
అట్లయితే కాంబో అనేదే వాడొద్దు అన్నా. మొదటి స్ట్రీట్ ఫైటర్ 2లో కాంబో ఎవరూ కావాలని పెట్టింది కాదు. కారు పగలగొట్టే బోనస్ రౌండ్‌లో బగ్గులు వెతుకుతుంటే, ఒక దెబ్బలోంచి ఇంకో దెబ్బ పడుతోందని క్యాప్‌కామ్ ప్రొడ్యూసర్ ఫునమిజు గమనించాడు. టైమింగ్ అంత ఇరుకుగా ఉంటే ఎవరికి దొరుకుతుందిలే అని దాచిన విద్యగా వదిలేశారు. ఎన్ని దెబ్బలు కలిశాయో తెర మీద లెక్క చూపించడం సూపర్‌తోనే మొదలైంది.

చిత్తూరు_జాంగీఫ్
హహ. కాంబో దొంగాట, త్రో దొంగాట. కెన్ అన్న ఇంక బోనస్ కారు మాత్రం పగలగొట్టుకోవాల.

కాణిపాకం_కెన్
నవ్వు బాగా. ఆదివారం చూస్తాం.

లీలామహల్_ర్యూ
ధాల్సిమ్ చేతి దెబ్బకు ప్రయారిటీ ఎక్కువంట కదా? ఏది కొట్టినా నేనే పోతున్నా.

గాంధీరోడ్_ఫ్రేమ్
ప్రయారిటీ అనే అంకె ఆటలో ఎక్కడా లేదు. ప్రతి ఫ్రేమ్‌లో మనిషి మీద కనపడని పెట్టెలు ఉంటాయి: దెబ్బ కొట్టే పెట్టె, దెబ్బ తగిలే పెట్టె. నీ కొట్టే పెట్టె వాడి తగిలే పెట్టెను ముందు తాకితే నువ్వు గెలిచావు, రెండూ ఒకేసారి తాకితే ఇద్దరికీ దెబ్బే. కొన్ని దెబ్బల్లో కొట్టే పెట్టె తగిలే పెట్టెకన్నా బాగా ముందుకు ఉంటుంది, దాన్నే జనం ప్రయారిటీ అంటారు. ఫైట్‌కేడ్ ట్రైనింగ్ స్క్రిప్టు పెట్టుకుంటే ఈ పెట్టెలు రంగుల్లో కనిపిస్తాయి, అంచనాలు మాని చూసుకోండి.
ధాల్సిమ్ చెయ్యి చాచినప్పుడు ఆ చెయ్యే తగిలే పెట్టె కూడా. ఒంటిదాకా పోవాల్సిన పని లేదు, చాచిన చేతినే కొట్టు. చెయ్యి వెనక్కి పోతున్నప్పుడు కొడితే ఇంకా మేలు, అప్పుడు అందులో కొట్టే పెట్టె ఉండదు.

పుత్తూరు_పంచ్
ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. టర్బో స్పీడు పెంచితే ఆట నిజంగా వేగంగా గీయదు, మధ్యమధ్య కొన్ని ఫ్రేములు గీయకుండా దాటేస్తుంది. నువ్వు కంటితో లెక్కపెట్టే ఫ్రేములు, ఆట లోపల లెక్కపెట్టేవి ఒకటి కావు. ఒక స్పీడులో బాగా వచ్చే రివర్సల్ ఇంకో స్పీడులో రావట్లేదంటే కారణం ఇదే. సాధన చేసేది కూడా జనం ఆడే స్పీడులోనే చెయ్యండి.

అలిపిరి_గైల్
మూడో ప్రశ్నకు. కీబోర్డు చాలు, కానీ చౌక కీబోర్డులో ఒక రోగం ఉంటుంది: రెండు బాణం కీలు పట్టుకోని మూడో కీ నొక్కితే అది కంప్యూటర్‌కు అందదు. కింద, ముందు బాణాలు కలిపి పట్టుకోని ఆరు దెబ్బల కీలనూ ఒక్కొక్కటే నొక్కి చూడు, ఎమ్యులేటర్‌లో ఏది రాకపోతే దాన్ని వేరే కీకి మార్చు. హడోకెన్ సగంసార్లు రాకపోవడానికి చాలామందిలో ఇదే కారణం, చెయ్యి కాదు. కుడి బాణం వదలకుండా ఎడమ బాణం నొక్కకు, చార్జి వృథా అవుతుంది.
స్టిక్కు కొనేట్టయితే లోపలి గేటు (కడ్డీ ఎంతవరకు కదలాలో ఆపే చట్రం) చూసుకో. చదరపు గేటులో మూలలు గట్టిగా తగులుతాయి, గైల్ మాదిరి వెనక్కి-కిందికి పట్టుకోని కూర్చునేవాళ్లకు సుఖం. ఎనిమిది పలకల గేటులో జాంగీఫ్ తిప్పుడు నున్నగా పోతుంది.

కొర్లగుంట_కీబోర్డ్
పలమనేరు అన్నా, మీడియం కిక్ నుంచి వస్తా ఉంది. మూడో లైట్ మాయ పదిలో రెండుసార్లు. కింద-ముందు పట్టుకుంటే హెవీ పంచ్ కీ అసలు పనిచేయట్లేదు, అలిపిరి అన్న చెప్పిన రోగమే. రివర్సల్ మాత్రం ఒక్కటీ రాలేదు. జాంగీఫ్ అన్నా, ఆదివారం కిక్కు కొట్టాక కాస్త ఆగి పట్టు.

చిత్తూరు_జాంగీఫ్
ఆగనప్పా. ఆగితే నీకు టైమింగ్ ఎట్ట వస్తాది? పది మ్యాచ్‌లు వరసగా ఆడదాం, పదింటిలోనూ టిక్ త్రోనే వేస్తా. షోర్యుకెన్ ఒక్కటైనా తగిలించు.

కాణిపాకం_కెన్
నేనూ వస్తా. రూలు సంగతి ఆమీద మాట్లాడదాం.